నా నడుముకు పెట్టిన కోడ్ ఫ్రీజ్

మా ఇంట్లో ఎవరైనా దిండు పట్టుకుని నావైపు నడిచొస్తే నాకు ఇప్పటికీ అనుమానమే. నేను పదో తరగతి చదివిన ఏడాది మా ఇంటి ముఖ్యమైన పని నాకు దిండ్లు పెట్టడం. నడుం కింద ఒకటి, మోకాళ్ళ కింద ఒకటి, మెడ వెనక ఇంకొకటి. పెట్టేది అమ్మ, సరిగ్గా పెట్టలేదని చెప్పేది నాన్న, మధ్యలో పడుకుని ఉండేది నేను. ఆ రోజుల్లో కాకినాడ నుంచి వచ్చిన మా బాబాయి తలకింద తువ్వాలు మడిచి పెట్టుకుని పడుకున్నాడు. ఇంట్లో దిండ్లన్నీ డ్యూటీలో ఉన్నాయి మరి.

ఇప్పుడు ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో ఉన్నాను. నడుం ఉంది. అప్పుడప్పుడు తనూ ఉన్నానని గుర్తుచేస్తుంది, నేను సరేనంటాను. మా మధ్య పెద్ద గొడవల్లేవు. ఇదంతా రాయాల్సి రావడానికి కారణం మా అమ్మ. తన ఆఫీసులో ఎవరి పిల్లకైనా ఒళ్ళునొప్పులని తెలిస్తే చాలు, "మా హారికతో మాట్లాడించండి, దానికి అన్నీ తెలుసు" అని నా నంబరు ఇచ్చేస్తోంది. నాకు అన్నీ తెలీవు. నేను చదివేది ఎలక్ట్రానిక్స్. కానీ మొన్న ఫోన్ చేసిన పిల్ల, తొమ్మిదో తరగతి, వాలీబాల్ ఆడుతుందట, మాటలన్నీ అయ్యాక చిన్న గొంతుతో "అక్కా, నేను మళ్ళీ ఆడతానా?" అని అడిగింది. ఆ ప్రశ్న నాకు బాగా తెలుసు. ఏడాదిపాటు దాన్ని మోసుకు తిరిగాను. ఆ పిల్లకు ఫోన్లో చెప్పిన జవాబు నాకే నచ్చలేదు. అందుకని మొదటినుంచీ రాస్తున్నాను.

జూన్‌లో బడి తెరిచారు. నేను ఖోఖో ఆడేదాన్ని. ఆ ఆట తెలియనివాళ్ళకు రెండు ముక్కలు: ఎనిమిది మంది వరుసగా గడుల్లో గొంతుక్కూర్చుంటారు, తొమ్మిదో మనిషి ఎదుటి జట్టువాళ్ళను తరుముతుంది. తరిమి తరిమి అలిసిపోయాక, కూర్చున్నవాళ్ళలో ఒకరి వీపు మీద చరిచి "ఖో" అంటుంది. చరిపించుకున్న మనిషి లేచి పరిగెత్తాలి, చరిచిన మనిషి ఆ గడిలో కూర్చోవాలి. అంతే. మన వంతు ఎప్పుడొస్తుందో తెలీదు, వచ్చేది మాత్రం వెనకనుంచే. అచ్చం తన ఉద్యోగంలాగే ఉందని నాన్న అనేవాడు.

మా బడి నల్లగండ్లలో. మైదానం అంటే, స్కూలు బస్సులు వెళ్ళిపోయాక మిగిలే జాగా. అందులో నాది మూడో గడి. నాకు ఎక్కువగా ఖో చెప్పేది రమ్య, మా కెప్టెన్. దాని చెయ్యి వీపు మీద పడిందంటే మనం లేవడం కాదు, అదే లేపేసేది. అంతర పాఠశాలల పోటీలకు జట్టంతా పొద్దున్నే వచ్చి సాధన చేస్తున్నాం. ఒక ఉదయం అలాగే ఖో పడింది. లేవబోయాను. నడుం కింద ఏదో పట్టేసింది, తలుపు సందులో బట్ట ఇరుక్కున్నట్టు. సగం లేచి, సగం కూర్చుని ఆగిపోయాను. నేను తరమాల్సిన అమ్మాయి నా ముందునుంచే నడుచుకుంటూ వెళ్ళింది. పాపం, పరిగెత్తాల్సిన అవసరం కనపడలేదు.

కొన్నాళ్ళు పడుకున్నాను, తగ్గింది. మళ్ళీ ఆడాను, వచ్చింది. ఆ వేసవిలో నేను బాగా పొడుగయ్యాను. ఎదిగే పిల్లలకు ఎముకలు లాగుతాయిలే అంది అమ్మ. మళ్ళీ తగ్గింది, మళ్ళీ వచ్చింది. మూడోసారి వచ్చినప్పుడు మాత్రం, వెళ్ళే ఉద్దేశంతో రాలేదు.

జూలై అంతా ఆసుపత్రులు. గచ్చిబౌలి వైపు నిలువెత్తు అద్దాలతో, లోపలికి వెళ్ళేదాకా ఆఫీసో ఆసుపత్రో తెలీని భవనాలుంటాయి కదా, అలాంటివి రెండు మూడు తిరిగాం. నడుంనొప్పి డాక్టరు గది బయట వేసిన స్టీలు కుర్చీలు చూశాక, ఆయనకు పేషెంట్లు ఎక్కడినుంచి వస్తారో అర్థమైంది. గోడమీద తెరలో టోకెన్ నంబర్లు మారేవి, మాది తప్ప. అమ్మ సెలవు పెట్టి వచ్చేది, నాన్న చెవిలో ఇయర్‌ఫోన్‌తో మీటింగులో ఉంటూ వచ్చేవాడు. మధ్యమధ్యలో ఆయన "అది ఎవరి ఓనర్‌షిప్?" అని గట్టిగా అంటే చుట్టుపక్కల పేషెంట్లందరూ తలలు దించుకునేవాళ్ళు.

ఒకరోజు ఎదురుగా మోకాలికి పట్టీ కట్టుకున్న పెద్దాయన కూర్చున్నారు. ఎవరికి తోడొచ్చావమ్మా అని అడిగారు. నాకే అన్నాను. ఆయన నన్ను కాసేపు చూసి, తన వెనక పెట్టుకున్న చిన్న దిండు తీసి నాకిచ్చారు. ఈ వయసులో నొప్పులేంటి అనలేదు, ఫోన్లు ఎక్కువ చూస్తారు అనలేదు. ఊరికే ఇచ్చారు. ఆ రోజు నన్ను నమ్మిన మొదటి మనిషి ఆయనే అనిపించింది. నా జీవితంలోకి వచ్చిన మొదటి దిండు కూడా అదే.

స్కాన్ తీశారు. గొట్టంలో పడుకోబెడతారు, చుట్టూ బోరు వేస్తున్నట్టు చప్పుడు. తీసే ఆయన ప్రతిసారీ స్పీకర్లో "ఇంకొక్కటే అమ్మా, అయిపోయింది" అనేవాడు. అలా చాలాసార్లు అయిపోయింది. అంత మర్యాదగా అబద్ధం చెప్పేవాళ్ళు అరుదు.

రిపోర్టు వచ్చింది. నార్మల్. విటమిన్ డి తక్కువుందన్నారు, పాలలో కలుపుకునే పొడి ఇచ్చారు. అద్దాల మధ్య బతికే ఈ ఊళ్ళో విటమిన్ డి సరిపడా ఉన్నవాళ్ళుంటే వాళ్ళ చిరునామా నాకూ కావాలి. డాక్టరుగారు మంచివారు. భయపడాల్సిందేమీ లేదు, కొంచెం వ్యాయామం, ఫిజియో అని అక్కడే చెప్పారు. కానీ మా ఇంట్లో అందరం ఒక్క మాటే విన్నాం. అమ్మ నార్మల్ అన్న మాట విని అక్కడికక్కడే దండం పెట్టుకుంది. నాకు మాత్రం ఏదో నేరం రుజువైనట్టుంది. నార్మల్ అయితే మరి నాకు నొప్పి పుట్టేది దేనికి? చుట్టాల్లో ఒకావిడ, పదో తరగతి కదా, పరీక్షలంటే భయమేమో అంది. ఆవిడ ఆ మాట అన్నప్పుడు నొప్పి ఇంకాస్త పెరగడం నేను గమనించాను. గమనించడం అనే జబ్బు నాకు అప్పుడే మొదలైంది.

ఆగస్టులో నాన్న రంగంలోకి దిగాడు. ఆయనది మాదాపూర్‌లో ఉద్యోగం, రిలీజ్ మేనేజర్. పెద్ద సాఫ్ట్‌వేర్ బయటికి వెళ్ళే ముందు కోడ్ ఫ్రీజ్ అని పెడతారు. ఆ రోజుల్లో ఎవరూ దేన్నీ ముట్టుకోకూడదు. చిన్న మార్పుకు కూడా పెద్దవాళ్ళ సంతకాలు కావాలి. ఈ ఫ్రీజ్ పెట్టే పని నాన్న ఇరవై ఏళ్ళుగా ఎంతో శ్రద్ధగా చేస్తున్నాడు. ఒక సాయంత్రం నా పక్కన కూర్చుని, నాకు అన్యాయం చేస్తున్నట్టు కాకుండా, నాకు తెలిసిన అత్యుత్తమమైనది నీకిస్తున్నానన్నట్టు చెప్పాడు.

"అమ్మలూ, ఏం పాడైందో తెలీనప్పుడు దేన్నీ కదపకూడదు. నొప్పి సున్నాకి వచ్చేదాకా ఫ్రీజ్. వచ్చిన మర్నాడే నీ ఖోఖో నీది."

నాకు సబబుగానే అనిపించింది. ఈ చుట్టుపక్కల ఏ ఇంట్లో చెప్పినా సబబుగానే అనిపిస్తుంది.

ఖోఖో ఆగింది. ఆటల పీరియడ్ ఆగింది, బడికి నాన్న ఉత్తరం రాశాడు. బస్సు కుదుపులొద్దని కారులో దింపేవాడు. పుస్తకాల సంచి ఆయన భుజానికి. వంగి లేసులు కట్టుకోకుండా ఊరికే తొడుక్కునే బూట్లు కొన్నారు. మంచినీళ్ళ సీసా కిందపడితే నాకంటే ముందు ఇద్దరు వంగేవాళ్ళు. ప్రేమలో కదల్లేకపోవడం అని వింటుంటాం, నాకు అక్షరాలా జరిగింది.

సెప్టెంబరుకల్లా నొప్పికి మా ఇల్లు నచ్చింది. నడుంలో కుదురుకున్నాక మెడకు వెళ్ళింది, అక్కడినుంచి భుజాలు, తర్వాత మోకాళ్ళు. బడిలో ఒక అంతస్తు మెట్లెక్కితే ఆయాసం. జూన్‌లో ఎదుటి జట్టుని తరిమిన మనిషిని, సెప్టెంబరులో మా క్లాసు టీచరు నడకను కూడా అందుకోలేకపోయాను. నాన్న మాత్రం, ఫ్రీజ్ పెట్టబట్టి ఈమాత్రం ఉంది, పెట్టకపోతే ఎలా ఉండేదోనని నిట్టూర్చేవాడు. ఆ వాదనకు జవాబుండదు. వాళ్ళ ఆఫీసులో కూడా ఉండదట.

పడుకుని చేసేదేం లేక నొప్పిని గమనించేదాన్ని. విచిత్రమైన జీవి అది. సినిమా చూస్తున్నంతసేపూ కనపడేది కాదు, ఇంటర్వెల్‌లో వచ్చి పలకరించేది. రమ్య ఫోన్లో మా లెక్కల సారును అనుకరించినప్పుడు నవ్వడానికి నడుమంతా ఊగేది, నొప్పి ఉండేది కాదు. కదలకుండా కూర్చుని చదివితే మాత్రం పుష్కలంగా ఉండేది. మరి కదిలితే కదా రావాలి? ఈ ప్రశ్న ఎవరినీ అడగలేదు, ఎందుకంటే దీని వెనకే ఇంకో ప్రశ్న ఉంది: కొంపదీసి నేనే కల్పించుకుంటున్నానా? స్నానాల గదిలో నా నడుం నేనే వేలితో పొడిచి చూసుకునేదాన్ని. నొప్పి పుడితే, అమ్మయ్య, నిజమే అనుకునేదాన్ని. నొప్పి పుట్టినందుకు సంతోషించే స్థితి ఒకటుంటుందని అంతకుముందు నాకు తెలీదు.

ఆ నెలలోనే మా అపార్ట్‌మెంట్లో ఒక సంగతి జరిగింది. మేముండేది తెల్లాపూర్‌లో ఒక గేటెడ్ కమ్యూనిటీ. మా అంతస్తు కారిడార్లో కొత్తగా మంటల అలారం బిగించారు. మహా సున్నితమైనది. ఎవరింట్లో పోపు పెట్టినా మోగేది. మిరపకాయ మాడితే సరే, ఆవాలు చిటపటలాడినా మోగేది. అసోసియేషన్ వాళ్ళు ఆలోచించి ఆలోచించి వాట్సప్‌లో ఒక సందేశం పెట్టారు: నివాసితులు దయచేసి తాలింపులు తగ్గించగలరు. అందరం నవ్వుకున్నాం. అమ్మ వారంపాటు పప్పు పోపు లేకుండా పెట్టింది. అది తింటూ కూడా నాకేమీ తట్టలేదు.

పోటీలు నేను లేకుండానే అయిపోయాయి. సెమీఫైనల్లో ఓడిపోయారు. రమ్య చూడటానికి వచ్చింది. మంచం అంచున కూర్చుని ఏవేవో చెప్పింది. నా గడిలో ఎవరు కూర్చున్నారో చెప్పలేదు, నేనూ అడగలేదు. వెళ్ళేముందు అలవాటుగా నా వీపు మీద చరవబోయి, చెయ్యి గాల్లోనే ఆపేసింది. ఆ చెయ్యిని ఏం చెయ్యాలో తెలీక పక్కనున్న దిండుని రెండుసార్లు తట్టి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం వంటింట్లోంచి అమ్మ గొంతు వినిపించింది. మా అమ్మ నాన్నకు ఎదురు చెప్పేటప్పుడు గౌరవం ఇంకాస్త పెంచుతుంది.

"మీరు ఫ్రీజ్ మొదలెట్టినప్పుడు దానికి నడుమొక్కటే నొప్పండీ. ఇప్పుడు ఎక్కడ నొప్పి లేదో వెతుక్కోవాలండీ."

 నాన్న నా గదికి వచ్చి దిండు సర్ది వెళ్ళాడు.

దసరా సెలవులొచ్చాయి. మా కాకినాడ వైపు బతుకమ్మ లేదు. ఇక్కడికొచ్చాక అమ్మ ఏటా పట్టుచీర కట్టుకుని, క్లబ్‌హౌస్ ముందు లాన్‌లో ఓ పక్కన నిలబడి చప్పట్లు కొట్టి వచ్చేది. మా ఎదురు బ్లాకులో శోభక్క ఉంటుంది, సిద్దిపేట మనిషి. ఏదో కంపెనీలో పెద్ద టీమునే నడుపుతుంది. చెవిలో ఆఫీసు కాల్ మ్యూట్‌లో పెట్టుకుని తంగేడు, గునుగు పూలు పేర్చగలదు. మొదటి రోజు నన్నూ తీసుకెళ్ళారు. ప్లాస్టిక్ కుర్చీ, వెనక దిండు, చేతిలో నీళ్ళ సీసా. నన్ను కూడా ఓ పళ్ళెంలో పేర్చినట్టే ఉంది.

రెండు పాటలయ్యాక శోభక్క వచ్చి నా ముందు నిలబడింది.

"ఏంది బిడ్డా, ముసలమ్మ లెక్క కూసున్నవ్. రా, జర ఒక చుట్టు తిరుగు."

నడుంనొప్పి అక్కా అన్నాను. "నొప్పయితే పక్కకు జరుగు. ఎవ్వరన్న పట్టుకుంటరా? మల్ల తగ్గినంక రా" అంది, అదేదో లిఫ్టు ఎక్కి దిగడం గురించి చెప్తున్నట్టు.

అమ్మ వద్దనేలోపు నేను లేచాను. ధైర్యం కాదు, కుతూహలం. బతుకమ్మ ఆట మీలో తెలిసినవాళ్ళకు తెలుసు: పెద్ద పరుగులేం ఉండవు. ఒక అడుగు పక్కకు, కాస్త వంగడం, చప్పట్లు, మళ్ళీ నిలబడటం, మళ్ళీ అడుగు. ముందు నడిచేది డెబ్బై ఏళ్ళ బామ్మ కాబట్టి వేగం ఆవిడది. ఒక పాట తిరిగి పక్కకొచ్చాను. ఇంటికెళ్ళి పడుకుని నొప్పి కోసం ఎదురుచూశాను. వచ్చింది, రోజూ వచ్చినంతే వచ్చింది. ఎక్కువ రాలేదు. రెండు నెలలు కదలకపోయినా అంతే వచ్చి, వంగి లేచి చప్పట్లు కొట్టినా అంతే వస్తే, మరి ఆ కదలకపోవడం దేనికి? మర్నాడు రెండు పాటలు తిరిగాను. ఆ మర్నాడు ఇంకొంచెం. ఒకసారి వంగినప్పుడు, వంగుతున్నానన్న సంగతే గుర్తులేదని తర్వాత గుర్తొచ్చింది.

ఇక్కడ, ఇది చదువుతున్న ఖోఖో, వాలీబాల్ పిల్లలందరూ చేసే పనే నేనూ చేశాను. ఐదోరోజు పొద్దున నిద్ర లేచేసరికి ఒళ్ళు తేలిగ్గా ఉంది. అంతే, నయమైపోయిందని నిర్ణయించేసుకున్నాను. అమ్మానాన్న ఆఫీసులకు వెళ్ళాక బడి మైదానానికి వెళ్ళి, సెలవుల్లో సాధన చేస్తున్న జట్టుతో పూర్తి ఆట ఆడాను. పడ్డాను, లేచాను, ఇద్దరిని పట్టుకున్నాను. ఆ ఏడాది మొత్తంలో అంత మంచి పొద్దుట ఇంకోటి లేదు. మధ్యాహ్నం ఇంటి ముందు ఆటో ఆగాక మాత్రం దిగలేకపోయాను. ఒక కాలు బయట, మనిషి లోపల. డ్రైవరన్న చెయ్యి అందించి, లిఫ్టుదాకా నడిపించి, జాగ్రత్త చెల్లె అని వెళ్ళాడు.

నాన్న మీటింగు వదిలేసి వచ్చాడు. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. దిండు పెడుతూ మెల్లగా, "ఫ్రీజ్‌లో మార్పు చేస్తే ఇలాగే అవుతుందమ్మలూ" అన్నాడు. గోడవైపు తిరిగి పడుకున్నాను. నొప్పికి ఏడవలేదు. ఇక ఈ జన్మకు మూడో గడి లేదని ఏడ్చాను.

మర్నాడు శోభక్క వచ్చింది, గిన్నెలో రొట్టె, బెల్లం కలిపి చేసిన మలీద ముద్దలతో. ఆ రోజు సాయంత్రం బతుకమ్మ ఆట లేదు. ఆరోరోజు అలిగిన బతుకమ్మ అంటారు. అమ్మవారు అలిగిందని ఆ రోజు పూలు పేర్చరు, ఆడరు. నాకు ఆ ఆచారం మీద గౌరవం పెరిగింది. నేనూ అదే మూడ్‌లో ఉన్నాను. ఇక ఆడనక్కా, నా వల్ల కాదు అని చెప్పాను.

శోభక్క ఓదార్చే రకం కాదు. మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. "గంతటి బతుకమ్మనే ఒక్కదినం అలిగి, తెల్లారి మల్ల పూలు పెట్టిచ్చుకుంటది. ఏడో దినం రాకుంటే గామెను ఎవలు అడుగుతరు? నువ్వేంది బిడ్డా, రెండు నెల్ల సంది అలుగుతున్నవ్."

నవ్వొచ్చింది. నడుం కదిలింది, నొప్పి పుట్టింది, అయినా నవ్వు ఆగలేదు. గుమ్మంలో నిలబడ్డ అమ్మ నవ్వలేదు. ఏదో లెక్క సరిచూసుకుంటున్నట్టు ఉంది.

ఏడోరోజు సాయంత్రం అమ్మ పట్టుచీర కట్టుకుని వచ్చి, దిండు తీసి అలమరలో పెట్టి, నా చెయ్యి పట్టుకుంది. అంత నొప్పిలో ఒక్క పాట, అందులోనూ సగమే తిరిగాను. మిగతా సగం నా బదులు అమ్మ తిరిగింది. అందరూ కుడివైపు వెళ్తుంటే తను ఎడమవైపు అడుగేసింది, వెనకున్న బామ్మ భుజం పట్టి తిప్పింది. బాల్కనీలోంచి నాన్న చూస్తున్నాడు. వాళ్ళ ఆఫీసు సర్వర్ మీద ఎవరో కాఫీ ఒలకబోసినట్టు నిలబడ్డాడు. ఎనిమిదోరోజు ఒక పాట. తొమ్మిదోరోజు రెండు. నొప్పి నాతోపాటే తిరిగింది. కానీ ఎక్కడా కూర్చోలేదు.

పండగ కాగానే అమ్మ మా ఇద్దరినీ ఫిజియో దగ్గరికి నడిపించింది. జూలైలో డాక్టరు చెప్పిందే, అక్టోబరులో విన్నాం. నల్లగండ్లలో మందుల షాపు పైన చిన్న క్లినిక్. అక్కడి మేడమ్ ఎక్కడ నొప్పి అని కాకుండా, బాగున్న రోజు ఏం చేస్తావు, బాగాలేని రోజు ఏం చేస్తావు అని అడిగింది. బాగుంటే పూర్తి ఆట, బాగాలేకపోతే మంచం అని చెప్పాను. అందరూ అంతే అంది.

నాకు అడగాల్సింది ఒకటే ఉంది. స్కాన్ నార్మల్ కదా మేడమ్, నొప్పి నిజమేనా అన్నాను.

"నిజమే. నొప్పి ఉంది, దెబ్బ లేదు. రెండూ ఒకటి కాదు."

ఇన్ని నెలల్లో నాకు ఎవరూ ఇంత చిన్న వాక్యంలో ఇంత పెద్ద ఉపకారం చేయలేదు. అప్పుడు తట్టింది నాకు, మా కారిడార్లో అలారం. చెప్పాను. మేడమ్ నవ్వి, "అదే. మంట లేకుండానే మోగుతోంది. మీరేమో వంట మానేశారు" అంది. రోజూ కొంచెం కొంచెం పోపు పెడుతూ ఉంటే, ఇది మంట కాదని అలారానికి అలవాటవుతుందట. ఒకేసారి ఇంటినిండా పొగ పెట్టకూడదట, ఐదోరోజు నేను చేసినట్టు.

నాన్న తన ప్రశ్న అడిగాడు. నొప్పి పూర్తిగా తగ్గాకే మొదలెడితే క్షేమం కదా అని. "మొదలెడితే తగ్గుతుందండీ. తగ్గాక మొదలెడదామని కూర్చుంటే రెండూ జరగవు" అంది మేడమ్. తర్వాత నావైపు తిరిగి, బాగున్న రోజు ఎక్కువ చేయొద్దు, బాగాలేని రోజు మానొద్దు అని చెప్పింది. నేను ఈ వ్యాసమంతా రాసింది ఈ ఒక్క మాట అందించడానికే అనుకోవచ్చు. ఒక జాగ్రత్త మాత్రం: మా డాక్టరు ముందు స్కాన్ తీసి, భయపడాల్సింది లేదని చూశాకే ఇదంతా. మీరూ ముందు చూపించుకోండి. నా మాట విని నేరుగా పోపు పెట్టకండి.

తిరిగొస్తూ కారు ట్రాఫిక్‌లో ఆగింది.  నిజంగా తెలుసుకోవాలనే అడిగాను.

"నాన్నా, మీ సిస్టమ్‌లో ఒక్క ఎర్రర్ కూడా లేని రోజు ఎప్పుడైనా ఉందా?"

ముందు కారు కదిలింది. నాన్న కదల్లేదు. వెనకనుంచి హారన్లు మొదలయ్యాయి.

"లేదమ్మలూ," అన్నాడు చివరికి. "చిన్నవి ఎప్పుడూ ఉంటాయి. చూసుకుంటూ నడుపుతాం."

 ఇంటికొచ్చాక లేసులున్న నా పాత బూట్లు ఆయనే వెతికి, దుమ్ము దులిపి గుమ్మం దగ్గర పెట్టాడు.

నవంబరు, డిసెంబరు గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు, అదే వాటి గొప్పతనం. సాయంత్రం కమ్యూనిటీ చుట్టూ నడక. తర్వాత కొంచెం జాగింగ్. కొన్ని రోజులు ఏడుపొచ్చేంత నొప్పి, ఆ రోజు కూడా చిన్న చుట్టు. కొన్ని రోజులు ఎగరాలనిపించేంత హుషారు, ఆ రోజు కూడా అంతే చుట్టు. రెండోదే కష్టం. చెప్పుకోదగ్గ మార్పు ఇంకోటి జరిగింది: ఇంట్లో వాళ్ళ ప్రశ్న మారింది. "నొప్పి ఎలా ఉంది?" పోయి "ఇవాళ ఏం చేశావు?" వచ్చింది. ఎవరు ముందు మార్చారో తెలీదు. నొప్పి గురించి రోజూ అడిగితే అది కూడా తయారై కూర్చుంటుందేమోనని నా అనుమానం. చుట్టాల్లాగే.

రిపబ్లిక్ డే రోజు మా కమ్యూనిటీలో జెండా ఎగరేశాక ఆటలు పెడతారు. ఆ ఏడాది బ్లాకుల మధ్య ఖోఖో, పెద్దలూ పిల్లలూ కలిసి. ఈ ఐడియా ఎవరిదో ఎవరూ చెప్పలేదు గానీ, శోభక్క ఆ పొద్దున మరీ అమాయకంగా తిరుగుతోంది. మా బ్లాకులో నన్ను మూడో గడిలో కూర్చోబెట్టారు. గొంతుక్కూర్చున్నాను. మోకాళ్ళు పలికాయి, నడుం పలికింది, నేనూ పలికాను. అందరం హాజరు.

తరిమేవాళ్ళలో ఒకరు తక్కువయ్యారు. నాన్న వచ్చాడు. కొత్త ట్రాక్ ప్యాంటు, దానికి షాపు చీటీ ఇంకా వేలాడుతోంది. ఎదురు బ్లాకు తరఫున పరిగెత్తేది శోభక్క, చీర కొంగు నడుముకు దోపుకుని. నాన్న ఆమెను తరమడం మొదలెట్టాడు. తరమడం అనేది మర్యాదకు అంటున్నాను. రెండు స్తంభాల మధ్య ఒకసారి వెళ్ళొచ్చేసరికి ఆయన పని అయిపోయింది. ఎవరికో ఒకరికి ఖో చెప్పాలి. అడుగుల చప్పుడు నా వెనక ఆగింది.

ఆగి, అక్కడే ఉండిపోయింది. ఆయాసం వినపడుతోంది. చెయ్యి ఎత్తే ఉంటాడని నాకు తెలుసు. నెలల తరబడి ఆ వీపు కింద దిండ్లు సర్దిన చెయ్యి, దానిమీద పడటానికి ఒప్పుకోవడం లేదు. చుట్టూ అరుపులు. శోభక్క కూడా ఆగి, నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తోంది. చివరికి వీపు మీద ఏదో తగిలింది, వేడి పెనాన్ని తాకి చూసినట్టు.

"అలా కాదు నాన్నా," అన్నాను వెనక్కి తిరక్కుండానే. "గట్టిగా."

చరిచాడు. "ఖో" అన్న మాట సగం గాలే.

లేచాను.

శోభక్క దొరకలేదు. ఆమె ఎవరికీ దొరకదు. మేం ఓడిపోయాం. నాకు రాత్రికి నొప్పి వచ్చింది, మామూలుగా వచ్చి, మామూలుగా పడుకుంది. పొద్దున లేచి హాల్లోకి వచ్చేసరికి సోఫా మీద నాన్న పడున్నాడు, నడుం కింద ఒక దిండు, మోకాళ్ళ కింద ఇంకోటి. అమ్మ మూడోది పట్టుకుని నిలబడింది. ఒక్క రోజు ఆడితేనే ఇలా అయిందే, ఓ వారం కదలకుండా ఉంటే మంచిదేమోనని ఆయన నీరసంగా అడుగుతున్నాడు.

అమ్మ చేతిలోంచి దిండు తీసుకుని, జాగ్రత్తగా ఆయన మెడ వెనక సర్దాను.

"ఇవాళ్టికి పడుకో నాన్నా. రేపు సాయంత్రం నాతో నడవాలి."